పేరు లేని గామా మూలానికి రేడియో జత వెతకడం ఎలా? తిరుపతి, చిత్తూరు విద్యార్థుల కోసం

ఆకాశంలో ఎక్కడెక్కడి నుంచి గామా కిరణాలు వస్తున్నాయో చెప్పే పెద్ద జాబితా ఒకటుంది. 2008 జూన్ 11న నాసా ప్రయోగించిన ఫెర్మి ఉపగ్రహం పద్నాలుగేళ్లపాటు కూడబెట్టిన సమాచారంతో తయారైన ఆ జాబితాలో 7,190కి పైగా మూలాలున్నాయి. వాటిలో దాదాపు మూడో వంతు మూలాల ఎదుట ‘ఇది ఫలానా’ అని రాయాల్సిన గడి ఖాళీగానే ఉంది. అలాంటి ఖాళీ గడిని ఒకదాన్ని తీసుకుని, అక్కడ ఏముందో రేడియో పటాల సాయంతో మీరే ఎలా వెతకవచ్చో ఇక్కడ చెబుతాను. ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్ గదిలో కూర్చుని చేసినా, చిత్తూరులో ఇంటి దగ్గర చేసినా పని ఒకటే. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ఇంటర్‌లో నేర్చుకున్న లాగరిథమ్‌లు చాలు. సమాచారమంతా ఉచితం.

రేడియో ఖగోళశాస్త్రమంటే పుణె వాళ్ల పని, మనకు యాంటెన్నాలు ఎక్కడున్నాయి అంటూ మంచి విద్యార్థులు కూడా మొదట్లోనే వెనకడుగు వేస్తారు. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను. నేడు ఈ పనిలో మొదటి ముప్పాతిక భాగం యాంటెన్నా దగ్గర జరగదు, పటాల దగ్గర జరుగుతుంది. ఆ పటాల్లో ఒకటి మన దేశపు టెలిస్కోపు గీసిందే.

రేడియో ఎందుకు?

ఫెర్మి కక్ష్య భూమధ్యరేఖకు 25.6 డిగ్రీల వాలులో ఉంది. కాబట్టి 13.6 డిగ్రీల అక్షాంశంలో ఉన్న తిరుపతి మీదుగా కూడా అది వెళుతూనే ఉంటుంది. కానీ అక్కడ అది పట్టే గామా కిరణాల్లో ఒక్కటి కూడా అలిపిరి దాకా రాదు. వాతావరణం పైనే అడ్డుకుంటుంది. రేడియో తరంగాలు అలా కాదు, మేఘాలున్నా నేలకు చేరతాయి.

అసలు చిక్కు గామా చూపు మందంగా ఉండడం. కపిలతీర్థం రోడ్డులో నిలబడి కొండ మీద ఏదో దీపం వెలుగుతోందని చెప్పగలం గానీ, అది ఏ సత్రం గుమ్మంలోదో చెప్పలేం. ఫెర్మి పరిస్థితీ అంతే. 100 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర ఒక్కో కిరణం వచ్చిన దిక్కు దాదాపు 0.8 డిగ్రీల మేర మసకబారుతుంది. చంద్రబింబం వెడల్పు అర డిగ్రీ అని గుర్తుంచుకుంటే అదెంత మసకో తెలుస్తుంది. వేల కిరణాల సగటు తీస్తే మూలం స్థానం కొన్ని ఆర్క్ మినిట్లకు (ఆర్క్ మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) కుదురుకుంటుంది. రేడియో పటంలో అదే స్థానం ఆర్క్ సెకన్లలో, అంటే ఆర్క్ మినిట్‌లో మళ్లీ అరవయ్యో వంతుల్లో దొరుకుతుంది.

స్థానం కచ్చితంగా తెలియడం ఒక్కటే కారణం కాదు. గామా ఆకాశంలో ఎక్కువ భాగం బ్లేజార్లదే. ఎనిమిదేళ్ల సమాచారంతో వచ్చిన 5,064 మూలాల జాబితాలో 3,130కి పైగా అవే. గెలాక్సీ నడిమధ్య ఉన్న మహా కృష్ణబిలం నుంచి దాదాపు కాంతి వేగంతో ఎగజిమ్మే జెట్ సరిగ్గా మన వైపు తిరిగి ఉంటే, దాన్ని బ్లేజార్ అంటాం. ఆ జెట్‌లోని ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో సుడులు తిరిగి రేడియో తరంగాలు ఇస్తాయి. తక్కువ శక్తి ఉన్న కాంతి కణాలను ఢీకొని వాటిని గామా స్థాయికి ఎగదోసేవి కూడా ఆ ఎలక్ట్రాన్లే అన్నది ఎక్కువ ఆమోదం ఉన్న వివరణ. అంటే రేడియో, గామా రెండూ ఒకే ఇంటి నుంచి వస్తాయి. ఫెర్మి చూసిన బ్లేజార్లన్నీ రేడియోలోనూ వెలిగేది అందుకే. మన వెతుకులాట మొత్తం ఈ బంధం మీదే నిలబడుతుంది.

ముందు తెలిసిన రెండింటి మీద చేయి తిప్పుకోండి

తెలియని దాని మీదకు నేరుగా వెళ్లకండి. జవాబు తెలిసిన రెండు మూలాల మీద మొత్తం పద్ధతి ఒకసారి నడిపించండి. నేను సూచించే రెండూ తిరుపతిలో దాదాపు నడినెత్తి మీదుగా వెళ్లేవే.

మొదటిది 3సీ 454.3. అక్టోబరు మూడో వారంలో రాత్రి 9 గంటల ప్రాంతంలో తల పైకెత్తితే పెగాసస్ పెద్ద చతురస్రం కనిపిస్తుంది. పంచాంగంలో పూర్వాభాద్ర అని చెప్పే రెండు చుక్కల్లో దక్షిణం వైపుది మార్కాబ్. దానికి పడమరగా మూడు డిగ్రీల లోపే ఈ బ్లేజార్ ఉంది. దాని వెలుగు మన దగ్గరకు రావడానికి దాదాపు 700 కోట్ల సంవత్సరాలు పట్టింది. అంత దూరాన ఉన్నది 2010 నవంబరులో కొన్ని రోజులపాటు ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన గామా మూలంగా మారి, మామూలుగా ఆ స్థానంలో ఉండే వెలా పల్సార్‌ను (పల్సార్ అంటే గిరగిరా తిరుగుతూ క్రమం తప్పకుండా స్పందనలు పంపే నక్షత్ర శవం) కూడా దాటేసింది. రేడియోలోనూ అది మహా ప్రకాశవంతం. 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర 10 జాన్స్కీలకు పైనే. జాన్స్కీ అంటే రేడియో తీవ్రతను కొలిచే ప్రమాణం. మనం వెతకబోయే వాటిని దానిలో వెయ్యో వంతుతో, అంటే మిల్లీజాన్స్కీలతో కొలుస్తాం.

రెండోది జెమింగా. ఫిబ్రవరి మధ్యలో రాత్రి 9 గంటలకు మిథున రాశిలోని అల్హేనా చుక్క చూడండి. దానికి కొద్దిగా ఉత్తరంగా, ఒకటిన్నర డిగ్రీ దూరంలో ఉంటుంది జెమింగా. 1972లో ఎగిరిన ఎస్ఏఎస్-2 ఉపగ్రహం దీన్ని మొదట పట్టుకుంది. అదేమిటో తేలడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1992లో రోశాట్ ఎక్స్‌రే ఉపగ్రహం దాని నుంచి 0.237 సెకన్లకు ఒక స్పందన వస్తోందని చూపించాక గానీ అది పల్సార్ అని రుజువు కాలేదు. ఆలస్యానికి ముఖ్య కారణం, రేడియోలో అది దాదాపు మౌనంగా ఉండడమే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే మన పనికి ఉన్న రెండు కొసలూ కనిపిస్తాయి. ఒక కొసన రేడియో గట్టిగా పలుకుతుంది, రెండో కొసన అసలు పలకదు. రెండూ సాక్ష్యాలే.

జాబితాలోంచి ఒక మూలాన్ని ఎంచుకోవడం

నాసా గొడార్డ్ కేంద్రంలోని ఫెర్మి సైన్స్ సపోర్ట్ సెంటర్ వెబ్‌సైటులో 4ఎఫ్‌జీఎల్ డీఆర్4 అనే ఫైలు దొరుకుతుంది. దాన్ని టాప్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. పదుల కొద్దీ నిలువు వరుసలు చూసి బెదరకండి. మనకు కావలసినవి కొన్నే. విషువాంశం, క్రాంతి (ఆకాశంలో రేఖాంశం, అక్షాంశం లాంటివి), 95 శాతం దీర్ఘవృత్తపు (మూలం లోపల ఉండే అవకాశం 95 శాతం ఉన్న గీత) రెండు అర్ధాక్షాలు, దాని వాలు కోణం, మూలం ఎంత గట్టిగా పట్టుబడిందో చెప్పే సిగ్మా అంకె, ఏ తరగతికి చెందినదో చెప్పే గడి, మార్పుల సూచిక, వర్ణపటం ఎంత వంగిందో చెప్పే అంకె.

తరగతి గడి ఖాళీగా ఉన్న వాటిని వేరు చేయండి. అందులోంచి మొదటి మూలాన్ని ఎంచుకునేటప్పుడు కొంచెం స్వార్థంగానే ఉండాలి, అంటే మీకు సులువైనదే కావాలి. పాలపుంత తలానికి ఉత్తరంగానో దక్షిణంగానో పది డిగ్రీలకన్నా దూరంగా ఉండాలి. తలం దగ్గర వాయు మేఘాలే గామా కిరణాలు వెదజల్లుతూ ఉంటాయి కాబట్టి అక్కడ మూలం స్థానాన్నే నమ్మలేం. పేరు చివర ‘సి’ అక్షరం ఉన్నవి ఇలాంటి అనుమానం ఉన్నవే, వాటిని వదిలేయండి. హెచ్చరిక ఫ్లాగులు ఉన్నవాటినీ వదిలేయండి. దీర్ఘవృత్తపు పెద్ద అర్ధాక్షం 0.1 డిగ్రీ మించకూడదు. క్రాంతి మైనస్ 40 డిగ్రీలకు ఉత్తరంగా ఉంటే మనకు కావలసిన మూడు రేడియో పటాలూ దొరుకుతాయి.

ఎంచుకున్నాక మార్పుల సూచిక, వంపు అంకె ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. డీఆర్4లో సూచిక 27.69 దాటితే ఆ మూలం ఏడాదికీ ఏడాదికీ మారుతోందని 99 శాతం నమ్మకంతో అనవచ్చు. మారేదైతే బ్లేజార్ వైపు మొగ్గు. నిలకడగా ఉండి, వర్ణపటం కొన్ని వందల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వంగి పడిపోతుంటే పల్సార్ వైపు మొగ్గు. ఇది ఇంకా మొగ్గు మాత్రమే. మసకగా ఉన్న మూలం నిజంగా మారుతున్నా ఆ సూచిక పట్టుకోలేకపోవచ్చు.

దీర్ఘవృత్తం గీసి, రేడియో చుక్కలు పరచడం

టాప్‌క్యాట్‌లోని స్కై ప్లాట్‌లో దీర్ఘవృత్తం గీసే రూపాన్ని ఎంచుకుని, రెండు అర్ధాక్షాలు, వాలు కోణం ఇవ్వండి. కోణాన్ని ఉత్తరం నుంచి తూర్పు వైపుగా కొలుస్తారు. ఆకాశ పటంలో ఉత్తరం పైన ఉంటే తూర్పు ఎడమ చేతి వైపు వస్తుందన్నది మరవకండి.

తర్వాత వీఓ మెనూలోని విజియర్ (ఖగోళ జాబితాల భాండాగారం) సేవ ద్వారా అదే స్థానం చుట్టూ మూడు రేడియో జాబితాలు దింపుకోండి. ఒకటి ఎన్‌వీఎస్‌ఎస్. అమెరికాలో న్యూమెక్సికో ఎడారిలోని వీఎల్ఏ టెలిస్కోపు 1990లలో 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర గీసిన పటం ఇది. సుమారు 18 లక్షల మూలాలు, 45 ఆర్క్ సెకన్ల చూపు. రెండోది మనది, టీజీఎస్‌ఎస్. పుణె దగ్గర నారాయణ్‌గావ్ సమీపంలో ఉన్న జీఎంఆర్‌టీ 150 మెగాహెర్ట్జ్ దగ్గర గీసింది. 45 మీటర్ల డిష్‌లు 30, వాటి విస్తీర్ణం 25 కిలోమీటర్లు, చూపు 25 ఆర్క్ సెకన్లు, ఆరు లక్షలకు పైగా మూలాలు. ఇంత తక్కువ పౌనఃపున్యంలో ఆకాశంలో తొంభై శాతం దాకా కప్పిన పటం ఇంత పదునుగా అంతకు ముందు లేదు. మూడోది వీఎల్ఏ 2017లో మొదలుపెట్టిన వీఎల్ఏఎస్ఎస్. 2 నుంచి 4 గిగాహెర్ట్జ్ మధ్య, 2.5 ఆర్క్ సెకన్ల చూపుతో, కొన్నేళ్ల ఎడంతో ఒకే ఆకాశాన్ని మళ్లీ మళ్లీ గీస్తుంది.

మూడు రంగుల్లో మూడు జాబితాలు పరిస్తే దీర్ఘవృత్తం లోపల ఒకటో రెండో మూడో చుక్కలు కనిపిస్తాయి. ‘దొరికింది’ అనుకోకండి. ఇక్కడి నుంచే అసలు పని.

95 శాతం దీర్ఘవృత్తం అంటే ఇరవై మూలాల్లో ఒకదానికి నిజమైన జత గీత బయట ఉంటుందని అర్థం. కాబట్టి గీతకు కొంచెం అవతలి దాకా కూడా చూసి, అక్కడున్న వాటిని వేరే గుర్తుతో రాసుకోండి.

యాదృచ్ఛికం ఎంత? ఈ లెక్క తప్పించుకోలేరు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. రేడియో ఆకాశం చుక్కలతో కిక్కిరిసి ఉంది. దీర్ఘవృత్తంలో ఏదో ఒకటి ఉండడం విశేషం కాదు, ఏదీ లేకపోతేనే విశేషం.

లెక్క వేద్దాం. ఎన్‌వీఎస్‌ఎస్ కప్పిన విస్తీర్ణం దాదాపు 34,000 చదరపు డిగ్రీలు. 18 లక్షలను దాంతో భాగిస్తే చదరపు డిగ్రీకి 53 మూలాలు. మీ దీర్ఘవృత్తం రెండు అర్ధాక్షాలూ 0.1 డిగ్రీ అనుకోండి. దాని వైశాల్యం 3.14ను 0.1తో, మళ్లీ 0.1తో గుణిస్తే 0.0314 చదరపు డిగ్రీలు. దాన్ని 53తో గుణిస్తే 1.7. అంటే గామా మూలంతో ఏ సంబంధమూ లేకుండానే, ఊరికే ఒకటి రెండు రేడియో చుక్కలు ఆ గీత లోపల పడతాయి. దీర్ఘవృత్తం మధ్యలో సరిగ్గా ఒక చుక్క ఉందని సంబరపడిన వాళ్లకు ఈ 1.7 చూపించాలి.

సగటు మీద నమ్మకం లేకపోతే మీ మూలం చుట్టూ ఒక డిగ్రీ వ్యాసార్ధంతో వలయం గీసి, అందులోని ఎన్‌వీఎస్‌ఎస్ మూలాలను స్వయంగా లెక్కపెట్టండి. వలయం వైశాల్యం 3.14 చదరపు డిగ్రీలు కాబట్టి నూట అరవై, నూట డెబ్బై దాకా ఉండాలి. ఆ సంఖ్యలో నూరో వంతు మీ దీర్ఘవృత్తంలో యాదృచ్ఛికంగా పడే సంఖ్య. పక్కన ప్రకాశవంతమైన మూలం ఉండి పటం పాడైతే ఈ లెక్కలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అదొక అదనపు లాభం.

ఇప్పుడు ప్రశ్న మార్చండి. ఎన్ని రేడియో మూలాలు అని కాకుండా, బ్లేజార్‌లా ప్రవర్తించే రేడియో మూలాలు ఎన్ని అని అడగండి. పాలపుంత తలానికి పది డిగ్రీలకు ఆవల, 4.8 గిగాహెర్ట్జ్ దగ్గర 65 మిల్లీజాన్స్కీలు దాటి, చదునైన రేడియో వర్ణపటం (పౌనఃపున్యం మారినా తీవ్రత పెద్దగా మారనిది) ఉన్న మూలాలను ఏరిన క్రేట్స్ అనే జాబితా 2007లో వచ్చింది. అందులో ఉన్నవి సుమారు 11,000. అంటే మూడు చదరపు డిగ్రీలకు ఒకటి. అదే దీర్ఘవృత్తంలో అలాంటిది ఊరికే పడే అవకాశం 0.01, నూటికి ఒకటి. 1.7 ఎక్కడ, 0.01 ఎక్కడ! చుక్క గుణం చూస్తే యాదృచ్ఛికం నూట డెబ్బై రెట్లు తగ్గింది. రేడియోతో గుర్తించే విద్య అంతా ఈ తగ్గింపులోనే ఉంది. స్థానం కలిసిందన్నది సగం మాట కూడా కాదు, ఆ చోట అరుదైనది దొరికిందా అన్నదే అసలు మాట.

చదునా, వాలా? వర్ణపటాన్ని కొలవడం

చుక్క గుణం తెలుసుకోవడానికి అన్నిటికన్నా తేలికైన పరికరం స్పెక్ట్రల్ ఇండెక్స్. రెండు పౌనఃపున్యాల దగ్గర తీవ్రత ఎలా మారిందో చెప్పే అంకె ఇది. దాన్ని ఆల్ఫా అందాం. 150 మెగాహెర్ట్జ్ తీవ్రతను 1400 మెగాహెర్ట్జ్ తీవ్రతతో భాగించి లాగ్ తీయండి. 150ని 1400తో భాగించి లాగ్ తీస్తే మైనస్ 0.97 వస్తుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఆల్ఫా.

టీజీఎస్‌ఎస్‌లో 200, ఎన్‌వీఎస్‌ఎస్‌లో 20 మిల్లీజాన్స్కీలు ఉన్న చుక్క తీసుకోండి. నిష్పత్తి 10, లాగ్ 1, ఆల్ఫా మైనస్ 1.03. ఇది మామూలు రేడియో గెలాక్సీల తీరు, గెలాక్సీకి ఇరువైపులా ఉబ్బి ఉండే, పాత ఎలక్ట్రాన్లు నిండిన పెద్ద తమ్మెలు ఇలా ఉంటాయి. 60, 50 ఉన్న చుక్కకు ఆల్ఫా మైనస్ 0.08. ఇది చదును. మైనస్ 0.5 కన్నా పైన ఉన్నదాన్ని చదునైనదిగా లెక్కిస్తారు, బ్లేజార్ల తీరు ఇదే. 200, 7 ఉన్న చుక్కకు మైనస్ 1.5. ఇంత నిటారుగా పడిపోయే చుక్క బిందువులా కూడా ఉంటే పల్సార్ కావచ్చునని వెంటనే పక్కన పెట్టుకోండి.

మరి ఎన్‌వీఎస్‌ఎస్‌లో ఉండి టీజీఎస్‌ఎస్‌లో కనిపించని చుక్క? దాన్ని వదిలేయడం పెద్ద నష్టం. టీజీఎస్‌ఎస్ జాబితా హద్దు సుమారు 25 మిల్లీజాన్స్కీలు. 1400 దగ్గర 50 ఉన్న చుక్క 150 దగ్గర 25 కూడా లేదంటే, ఆల్ఫా కనీసం ప్లస్ 0.31. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ప్రకాశం పెరుగుతోందన్న మాట. ఒక పటంలో లేకపోవడమే ఆ చుక్కను అభ్యర్థుల్లో ముందు వరుసలో నిలబెట్టింది. విద్యార్థులు ఎక్కువగా జారవిడిచేది ఇలాంటివే.

రెండు జాగ్రత్తలు. ఈ రెండు పటాల మధ్య సుమారు పదిహేనేళ్ల ఎడం ఉంది, బ్లేజార్లు ఆ లోపు బాగా మారిపోతాయి. కాబట్టి హద్దుకు దగ్గరగా వచ్చిన ఆల్ఫాను పట్టుకుని తీర్పు చెప్పకండి. ఇక 45 ఆర్క్ సెకన్ల చూపులో ఒకే చుక్కగా కనిపించింది 25 ఆర్క్ సెకన్లలో రెండు కావచ్చు. అప్పుడు ఆ రెండింటి తీవ్రతలూ కలిపి లెక్కించాలి.

దగ్గరగా చూడడం

ఇప్పుడు అలాదిన్ అనే ఉచిత ఆకాశ పటంలో మీ అభ్యర్థి చుక్క దగ్గరకు వెళ్లి వీఎల్ఏఎస్ఎస్ చిత్రం తెరవండి. తొందరపడకుండా చూడండి. ఎన్‌వీఎస్‌ఎస్‌లో గుండ్రంగా, అమాయకంగా కనిపించిన మచ్చ ఇక్కడ రెండు తమ్మెలుగా విడిపోయి, నడుమ ఖాళీగా ఉందంటే అది పక్కకు తిరిగిన రేడియో గెలాక్సీ. జెట్ మన వైపు లేదు, గామా జతగా దాని అవకాశం బాగా తగ్గుతుంది. బిందువులా చెక్కుచెదరకుండా ఉండి, ప్రకాశమంతా ఆ బిందువులోనే ఇమిడి ఉంటే అభ్యర్థి బలపడింది. ప్రకాశవంతమైన బిందువు నుంచి ఒకే వైపు సన్నగా తోక సాగితే ఇంకా మంచిది, జెట్ మన వైపు వాలిందనడానికి అదొక గుర్తు. పొరుగున బాగా వెలిగే మూలం ఉంటే దాని చుట్టూ ఆరాల్లా, వలయాల్లా నకిలీ మచ్చలు పడతాయి. అభ్యర్థి అలాంటి గీత మీద ఉంటే నమ్మకండి.

వీఎల్ఏఎస్ఎస్ వేర్వేరు విడతల చిత్రాలు పక్కపక్కన పెట్టి తీవ్రత మారిందేమో చూడండి. త్వరగా విడుదల చేసే క్విక్‌లుక్ చిత్రాల్లో, ముఖ్యంగా మొదటి విడతలో, తీవ్రత అసలుకన్నా కొంత తక్కువగా వస్తుంది. కాబట్టి పది, పదిహేను శాతం తేడాను మార్పుగా చెప్పవద్దు. అదే చిత్రంలోని ఇతర చుక్కలు స్థిరంగా ఉండి మీది మాత్రమే రెట్టింపయితే అది నిజమైన మార్పు.

ఇంతకన్నా పదునైన చూపు వీఎల్‌బీఐది, అంటే దూరదూరంగా ఉన్న డిష్‌లను ఒకే టెలిస్కోపులా వాడే పద్ధతిది. హవాయి నుంచి కరీబియన్ దీవుల దాకా 8,000 కిలోమీటర్ల పరిధిలో పరచుకున్న వీఎల్‌బీఏ పది డిష్‌లు కలిసి ఆర్క్ సెకనులో వెయ్యో వంతును విడదీస్తాయి. అంత పదునులోనూ కనిపించే చుక్క నిజంగా చిన్నది, నిజంగా వేడిది. దాదాపు ఎప్పుడూ అది చురుకైన గెలాక్సీ కేంద్రమే. ఫెర్మి జాబితాల్లో జత తెలియని మూలాల దీర్ఘవృత్తాలను వీఎల్ఏతోనూ ఆస్ట్రేలియాలోని ఏటీసీఏతోనూ గాలించి, అక్కడ దొరికిన వాటిని వీఎల్‌బీఐతో పరీక్షించే పనిని పరిశోధకులు ఏళ్ల తరబడి చేశారు. వాళ్లు నడిచిన దారీ ఇదే. మొదట మధ్యస్థ చూపుతో అభ్యర్థులను ఏరడం, తర్వాత పదునైన చూపుతో వడపోయడం. మీరు సొంతంగా వీఎల్‌బీఐ చేయలేరు. వీఎల్‌బీఐతో చూసిన మూలాల జాబితా అయిన రేడియో ఫండమెంటల్ కేటలాగ్‌లో మీ చుక్క ఇప్పటికే ఉందేమో చూడడం మాత్రం ఒక్క నిమిషం పని. ఉంటే అది పెద్ద సాక్ష్యం.

ఎక్స్‌రేలో స్విఫ్ట్ ఉపగ్రహం, పరారుణంలో వైజ్ పటం, దృశ్యకాంతిలో గయా జాబితా కూడా తిరగేయండి. గయాలో దూరం కొలవగలిగిన చుక్క అయితే అది మన పాలపుంతలోదే, బ్లేజార్ కాదు.

రేడియోలో ఏమీ తగలకపోతే

చదునైన చుక్క లేదు, బిందువు లేదు, గామా నిలకడగా ఉంది, వర్ణపటం వంగింది. అప్పుడు నిరాశపడనక్కరలేదు. పల్సార్ దొరికే చోటు ఇదే కావచ్చు.

చాలా పల్సార్లు పటంలో కనిపించనంత మసక. వాటిని స్పందనల ద్వారానే పట్టాలి. ఇందులో జీఎంఆర్‌టీ చేసిన పని ప్రతి తెలుగు విద్యార్థికీ తెలియాలి. పుణె పరిశోధకుల బృందం జత తెలియని ఫెర్మి మూలాల వైపు ఆ డిష్‌లను తిప్పి మిల్లీసెకను పల్సార్లను పట్టుకుంది. వాటిలో ఒకటి జె1544+4937, 2013లో ప్రచురించారు. 2.16 మిల్లీసెకన్లకు ఒకసారి తిరిగే నక్షత్ర శవం అది. చిన్న తోడును 2.9 గంటలకు ఒకసారి చుట్టిస్తూ, తన వేడి గాలితో ఆ తోడును కరిగించేస్తోంది. తోడు నుంచి లేచిన వాయువు అడ్డం వచ్చినప్పుడల్లా తక్కువ పౌనఃపున్యాల్లో రేడియో స్పందన మాయమవుతుంది. ఇక్కడ జీఎంఆర్‌టీకి ఉన్న సౌలభ్యం చూడండి. 600 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల 45 మీటర్ల డిష్ ఒకేసారి సుమారు 40 ఆర్క్ మినిట్ల ఆకాశాన్ని చూస్తుంది. అంటే ఫెర్మి దీర్ఘవృత్తం మొత్తం ఒక్క చూపులో ఇమిడిపోతుంది. స్పందన దొరికాక, అదే సమాచారంతో చిత్రం గీసి పల్సార్ కచ్చితమైన స్థానాన్ని కూడా తేల్చవచ్చు.

మీరు చేయగలిగింది రెండు రకాలు. ఒకటి, టీజీఎస్‌ఎస్‌లో మాత్రమే కనిపించి ఎన్‌వీఎస్‌ఎస్‌లో లేని బిందువులను దీర్ఘవృత్తంలో వెతకడం. అవి నిటారు వర్ణపటం ఉన్నవి, ఏటీఎన్‌ఎఫ్ పల్సార్ జాబితాలో లేవని నిర్ధారించుకుంటే మంచి అభ్యర్థులు. రెండోది, మీ కంప్యూటర్ ఖాళీ సమయాన్ని ఐన్‌స్టీన్ ఎట్ హోమ్‌కు ఇవ్వడం. 2020లో వెల్లడైన జె1653-0158 పల్సార్‌ను ఇలాంటి మామూలు మనుషుల కంప్యూటర్లే ఫెర్మి సమాచారంలోంచి తవ్వి తీశాయి. 1.97 మిల్లీసెకన్ల భ్రమణం, 75 నిమిషాల కక్ష్య. రేడియోలో ఎంత వెతికినా దాని స్పందన దొరకలేదు.

ఫలితాన్ని ఎలా రాయాలి

ఫెర్మి జాబితాలో ఒక పద్ధతి ఉంది, మీరూ పాటించండి. స్థానం, గుణం చూసి ‘ఇదే కావచ్చు’ అన్న వాటికి తరగతిని చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు. స్పందన గానీ, రేడియోలోనో వెలుగులోనో గామాతో పాటే ఎగిసిపడడం గానీ, గామా మూలం ఆకారం కలవడం గానీ రుజువైతేనే పెద్ద అక్షరాలు. 5,064 మూలాల జాబితాలో ఆ పెద్ద అక్షరాలకు నోచుకున్నవి 358 మాత్రమే. మీ పటాల పనితో మీరు చేరగలిగేది చిన్న అక్షరాల దాకా. దాన్ని మించి ఒక్క మాట రాసినా చదివేవారు మిగతాదీ నమ్మరు.

ఒక్కో అభ్యర్థికీ ఒక పేజీ కేటాయించండి. గామా మూలం పేరు, జాబితా ఏ ప్రతిదో, దీర్ఘవృత్తం కొలతలు, చుక్క స్థానం, దీర్ఘవృత్తం మధ్య నుంచి దూరం, మూడు పటాల్లో తీవ్రతలు లేదా హద్దులు, ఆల్ఫా, వీఎల్ఏఎస్ఎస్‌లో ఆకారం, యాదృచ్ఛిక సంఖ్య. దీర్ఘవృత్తంలో ఉండి మీరు తోసిపుచ్చిన చుక్కలను, ఎందుకు తోసిపుచ్చారో కూడా రాయాలి. తర్వాత సింబాడ్ అనే ఖగోళ వస్తువుల సమాచార కోశంలోనూ, పరిశోధన వ్యాసాల్లోనూ ఆ చుక్క గురించి ఎవరైనా ఇప్పటికే రాశారేమో వెతకండి. ఇది చివర్లో చేయమంటున్నది కావాలనే, జవాబు ముందే చూస్తే కన్ను దాన్నే వెతుకుతుంది.

మంచి అభ్యర్థి మిగిలితే తర్వాతి మెట్లు ఉన్నాయి. మీ భౌతికశాస్త్ర అధ్యాపకులతోనో, ఏర్పేడులోని ఐసర్ అధ్యాపకులతోనో ఈ పేజీ పట్టుకుని మాట్లాడండి. పేజీ చేతిలో ఉంటే సంభాషణ వేరేగా సాగుతుంది. జీఎంఆర్‌టీ సమయం ఏడాదికి రెండు విడతల్లో, వచ్చిన ప్రతిపాదనల బలాన్ని బట్టి ఇస్తారు. ప్రతిపాదనలో అడగాల్సిన పౌనఃపున్యం కూడా మీ ఆల్ఫానే చెబుతుంది. నిటారు చుక్కకు 250 నుంచి 500 మెగాహెర్ట్జ్ పట్టీ, చదునైన దానికి 1,000 నుంచి 1,450 పట్టీ. దృశ్యకాంతి వర్ణపటం కావాలంటే చిత్తూరు సరిహద్దు దాటగానే తమిళనాడులోని కావలూరులో 2.3 మీటర్ల వేణు బప్పు టెలిస్కోపు ఉంది. రేడియో చిత్రాలు చదవడం అలవాటు కావాలనుకునేవారు 2013 నుంచి నడుస్తున్న రాడ్ ఎట్ హోమ్ పౌర పరిశోధనలో చేరవచ్చు. అక్కడ జీఎంఆర్‌టీ చిత్రాలతోనే నేర్పుతారు.

ఫెర్మి జాబితా కొత్త ప్రతి వచ్చినప్పుడల్లా మీ పేజీలు బయటకు తీయండి. ఎక్కువ ఏళ్ల సమాచారంతో దీర్ఘవృత్తాలు కుంచించుకుపోతాయి, కొన్ని జరుగుతాయి. మీ చుక్క ఇంకా గీత లోపలే ఉందా, తరగతి గడి నిండిందా అని చూసి, యాదృచ్ఛిక సంఖ్యను కొత్త వైశాల్యంతో మళ్లీ లెక్కించి, పాత అంకెను కొట్టేయకుండా దాని కిందే తేదీ వేసి రాయండి.